రేవులో కాచుకున్న మొసలి

మొసలి అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది గజేంద్రమోక్షం. ఏనుగు కాలు పట్టుకుని వదలని మొసలి, మొర ఆలకించి ఉన్నపళంగా పరుగెత్తుకొచ్చిన శ్రీహరి, చక్రం, ఆపైన మోక్షం. చిన్నప్పుడు అమ్మమ్మల ఒళ్ళో విన్న కథ కావడం వల్ల కాబోలు, మొసలి నోట పడ్డా ఎవరో ఒకరు వచ్చి విడిపిస్తారన్న భరోసా మన మనసుల్లో ఏ మూలో ఉండిపోతుంది. ఆఫ్రికాలో నైలు ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళకి ఆ భరోసా ఉండేది కాదు. వాళ్ళకి మొసలి అంటే పురాణంలో సంగతి కాదు, రోజూ నీళ్ళకి వెళ్ళే రేవులో సంగతి.

నాకు పాత యాత్రాగ్రంథాలు చదవడం సరదా. నైలు మీద ప్రయాణం చేసిన దొరలు రాసిన పుస్తకాల్లో మొసలి లేని పుస్తకం దాదాపు ఉండదు. ఇసుక తిన్నె మీద ఎండలో పడుకున్న మొసళ్ళు, పడవలోంచి గురిపెట్టిన తుపాకీ, "తగిలింది", "తప్పింది" అంటూ కేకలు. చదవడానికి బాగానే ఉంటుంది. కాని చదువుతున్నంతసేపూ నాకో సందేహం పీకుతూ ఉండేది. ఈ దొరగారు వచ్చారు, చూశారు, కాల్చారు, వెళ్ళిపోయారు. సరే. మర్నాడు పొద్దున్నే అదే రేవులో కడవ ముంచుకోవలసిన ఇల్లాలి మాటేమిటి? బట్టలుతుక్కునే ఆవిడ మాటేమిటి? ప్రయాణీకుడి క్షేమం గురించి ఇన్ని పుస్తకాలుంటే, ఊళ్ళో ఉన్నవాళ్ళ క్షేమం గురించి ఎక్కడైనా రాశారా? ఆ కన్నుతో మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. అప్పుడు దొరికిన సంగతులే ఇవి.

ముందు ఆ జంతువు గురించి నాలుగు ముక్కలు. నైలు మొసలి మన కృష్ణా గోదావరుల్లో కనిపించే మొసలికి పెద్దన్న లాంటిది. బాగా ఎదిగిన మగది అయిదు మీటర్ల దాకా ఉంటుంది. కళ్ళు, చెవులు, ముక్కు అన్నీ తల మీదే ఉండటం వల్ల ఒళ్ళంతా నీళ్ళలో దాచుకుని, పైకి ఏదో ఎండుకొమ్మ తేలుతున్నట్టు ఉండగలదు. దవడ మూసే కండరాలు మహా బలమైనవి. తెరిచే కండరాలు మాత్రం ఎంత బలహీనమంటే, మూసిన నోటికి ఓ తాడు చుట్టేస్తే మళ్ళీ తెరవలేదు. స్థానబలిమి గురించి వేమన చెప్పింది దీన్ని చూసే అనిపిస్తుంది.

అయితే పళ్ళకన్నా ప్రమాదమైంది దాని ఓపిక. తిండి లేకుండా నెలల తరబడి ఉండగలదు గనక దానికి తొందర లేదు. ఏ వేళప్పుడు ఎవరు ఎక్కడికి వస్తున్నారో గమనిస్తుంది. లేళ్ళు నీళ్ళకి దిగే చోటు, పశువులు దాటే చోటు, మనుషులు కడవలు ముంచే చోటు దానికి తెలుసు. మన ఆడవాళ్ళ పని ఎలాంటిది? రోజూ అదే వేళకి, అదే చోటికి, అదే దారిన వెళ్ళడం. పద్ధతిగా ఇల్లు నడుపుకునే మనిషిలో మనం మెచ్చుకునే గుణమే మొసలికి కావలసిన అదను.

ఈ భయం ఎంత పాతదో తెలుసుకోవాలంటే ఈజిప్టులో సఖారా సమాధుల గోడలు చూడాలి. క్రీస్తుకు పూర్వం సుమారు 2400 నాటి 'టి' అనే అధికారి సమాధిలో ఒక బొమ్మ ఉంది. పశువుల మంద నీళ్ళు దాటుతోంది. ముందు నడుస్తున్న కాపరి ఒక చిన్న దూడని వీపు మీద ఎక్కించుకున్నాడు. ఆ దూడ మెడ వెనక్కి తిప్పి తల్లికోసం చూస్తోంది. తల్లి ఆవు మోర ఎత్తి దూడ వెంట వస్తోంది. తల్లి వెంట మంద మొత్తం దిగుతుంది. అదీ ఉపాయం. అక్కడే మరికొన్ని సమాధుల్లో అలాంటి రేవు కిందనే, నీళ్ళడుగున నక్కిన మొసలి బొమ్మ కనిపిస్తుంది. పడవలో ఉన్న కాపరి దానివైపు చెయ్యి చాచి మంత్రం చదువుతున్నట్టు చెక్కారు. నాలుగు వేల నాలుగు వందల ఏళ్ళ కిందటి మనిషి చేతిలో ఉన్న సాధనాలు ఆ రెండే. ఒక ఉపాయం, ఒక మంత్రం.

భయపెట్టేదాన్ని దేవుణ్ణి చేసి పూజించడం మనకి కొత్త కాదు. పాముకి పాలు పోసినవాళ్ళం. ఈజిప్టువాళ్ళు మొసలి తల ఉన్న సోబెక్ దేవుణ్ణి కొలిచారు. నైలు పొంగితేనే వాళ్ళకి పంట. పొంగుతోపాటు మొసలీ వస్తుంది. అందుకని అన్నం పెట్టేదీ ప్రాణం తీసేదీ ఒకే దేవుడయ్యాడు. ఫయ్యూం ప్రాంతంలో షెదెత్ అనే ఊరు ఆయన రాజధాని. గ్రీకులు దాన్ని మొసళ్ళ పట్నం అనే అర్థం వచ్చేలా క్రొకొడిలోపొలిస్ అన్నారు. ఆస్వాన్‌కి దిగువన కొం ఒంబో గుడిలో సగం సోబెక్‌ది, సగం హోరస్‌ది. ఆ గుడి పక్కనే 2012లో ఒక మొసళ్ళ మ్యూజియం తెరిచారు. భద్రంగా గుడ్డలు చుట్టి దాచిన మొసలి మమ్మీలు అందులో ఉన్నాయి.

షెదెత్ గుడి కొలనులో ఒక పవిత్రమైన మొసలి ఉండేది. దాన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళు. క్రీస్తుకు పూర్వం 25 ప్రాంతంలో స్ట్రాబో అనే గ్రీకు పండితుడు వెళ్ళాడు. పూజారులు మొసలి నోరు తెరిపించి, ఒకరు రొట్టె, వేయించిన మాంసం పెట్టారట. ఆ తరవాత తేనె కలిపిన పానీయం పోశారట. ప్రసాదం ఆరగించి అది కొలనులోకి దూకి ఆవలి గట్టుకి పోయింది. ఇంతలో ఇంకో యాత్రికుడు కానుక పట్టుకుని వచ్చాడు. పూజారులు ఏం చేస్తారు పాపం, కొలను చుట్టూ పరుగెత్తి ఆవలి గట్టున దాన్ని పట్టుకుని మళ్ళీ తినిపించారు. భక్తుల రద్దీ ఎక్కువైతే దేవుడికి అజీర్తి చేస్తుందన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు.

దీనికన్నా నాకు నచ్చిన సంగతి మరొకటి ఉంది. 1900లో ఫయ్యూం ప్రాంతంలోనే తెబ్తునిస్ అనేచోట తవ్వకాలు జరిగాయి. మనుషుల మమ్మీలు దొరుకుతాయనుకుంటే వరసగా మొసలి మమ్మీలే బయటపడ్డాయి. విసుగెత్తిన పనివాడొకడు ఒక మొసలిని విరగ్గొట్టాడు. తీరా చూస్తే దాని ఒంటికి చుట్టినవి పాత కాగితాలు! ఊరి కరణం దగ్గర పనికిరాకుండా పోయిన దస్తావేజులు, లెక్కలు, ఉత్తరాలు. అలా బయటపడ్డ కాగితాల్లో క్రీస్తుకు పూర్వం 112 నాటి ఒక ఉత్తరం ఉంది. రోము నుంచి లూసియస్ మెమ్మియస్ అనే సెనేటరు ఊళ్ళు చూడటానికి వస్తున్నాడు, ఆయనకి బస ఏర్పాటు చెయ్యండి, రేవుల దగ్గర కానుకలు సిద్ధం చెయ్యండి, మొసళ్ళకి వెయ్యడానికి తినుబండారాలు ఉంచండి అని పై అధికారి కింది అధికారికి రాశాడు. కలెక్టరుగారు కేంపుకొస్తున్నారంటే తాలూకా ఆఫీసులో హడావిడి గుర్తొచ్చింది నాకు. రెండువేల ఏళ్ళ కిందట కూడా ప్రయాణీకుడు ఒడ్డున నిలబడి మొసలికి పలహారం పెట్టి ముచ్చటపడ్డాడన్నమాట. ఆయన క్షేమానికి లోటు లేకుండా యంత్రాంగం ఉంది.

మరి ఊళ్ళోవాళ్ళకి? దానికి జవాబు హెరోడోటస్ చెప్పాడు. క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దంలో ఈజిప్టు చూసిన ఈ గ్రీకు చరిత్రకారుడు మొసలి గురించి చాలా రాశాడు. కొన్ని తప్పులు లేకపోలేదు. మొసలికి నాలుక లేదన్నాడు. ఉంది, కాని నోటి అడుగుకి అతుక్కుని ఉండటం వల్ల బయటికి చాపలేదు. దూరం నుంచి చూసినవాడికి లేనట్టే కనిపిస్తుంది. అన్ని ఊళ్ళవాళ్ళూ మొసలిని పూజించరనీ, కొన్ని చోట్ల శత్రువులా చూస్తారనీ, ఎలిఫెంటైన్ దగ్గర తింటారనీ కూడా ఆయనే చెప్పాడు. తరవాతి కాలంలో ఈ భేదాలే ఊళ్ళ మధ్య కొట్లాటలకి దారి తీశాయని రోమను కవి జువెనల్ వెక్కిరించాడు.

హెరోడోటస్ రాసినవాటిలో ఒక ఆచారం నన్ను పట్టి ఆపేసింది. మొసలి పొట్టన పెట్టుకున్న మనిషి గాని, నదిలో మునిగిపోయిన మనిషి గాని ఏ ఊరి ఒడ్డుకి కొట్టుకొస్తే, ఆ ఊరివాళ్ళే శవానికి సుగంధాలు పూసి, అలంకరించి, పవిత్రమైన చోట సమాధి చెయ్యాలి. ఈజిప్టువాడైనా పరదేశి అయినా సరే. తల్లీ తండ్రీ సైతం ముట్టుకోకూడదు. నైలు పూజారులే స్వయంగా చెయ్యాలి. ఎందుకంటే ఆ మనిషి మామూలు మనిషికన్నా ఎక్కువైన వాడయ్యాడు. కాపాడలేకపోయారు, కాని పోయినవాళ్ళని గాలికి వదిలెయ్యలేదు. ఎవరి పిల్లో, ఏ ఊరి పిల్లో తెలియకపోయినా ఆ ఊరు తన బిడ్డలాగే సాగనంపింది. కాపాడలేనప్పుడు కనీసం మన్నించాలన్న ఆలోచన అంత పాత రోజుల్లో ఉండటం చూస్తే మనసు కరుగుతుంది.

అన్ని చోట్లా ఇలాగే ఉందనుకునేరు. దక్షిణాన లివింగ్‌స్టన్ చూసింది దీనికి పూర్తిగా తలకిందులు. ఇప్పటి బోట్స్వానా ప్రాంతంలో ఉండే క్వేనా తెగ పేరుకే మొసలి అని అర్థం. అది వాళ్ళ కులచిహ్నం. ఆ తెగలోనూ, పొరుగున ఉన్న మరో తెగలోనూ ఎవరినైనా మొసలి కరిస్తే, ఆఖరికి తోకతో నీళ్ళు చిమ్మినా సరే, ఆ మనిషిని తెగలోంచి వెలివేసేవారు. జూగా నది ఒడ్డున అలా వెలిపడ్డవాడొకడు పరాయివాళ్ళ మధ్య బతుకుతూ కనిపించాడు. ఎందుకు వచ్చేశావంటే చెప్పలేదు. తొడ మీద పళ్ళ గాట్లే చెప్పాయి. బతికి బయటపడటమే అతని నేరమైంది! అదే లివింగ్‌స్టన్ వెంట ఉన్న మనిషి ఒకడిని ఎగువ జాంబెజీ ప్రాంతంలో మొసలి తొడ పట్టుకుని నీళ్ళడుగుకి ఈడ్చుకుపోతే, చేతిలో ఉన్న బల్లెంతో దాని భుజం వెనక పొడిచి వదిలించుకున్నాడు. అతన్ని అక్కడివాళ్ళు ఏమీ అనలేదు. ఒకే గాయం ఒక ఊళ్ళో కళంకం, ఇంకో ఊళ్ళో ధైర్యానికి గుర్తు. ఆపద వచ్చినవాళ్ళదే తప్పన్నట్టు చూసే లోకం ఒక్క ఆఫ్రికాలోనే లేదని మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక ప్రయాణీకుల సంగతి. వీళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. శామ్యూల్ బేకర్ భార్య ఫ్లోరెన్స్ కథ సినిమా కథని మించింది. 1859లో విదిన్ పట్నంలో బానిసల సంతలో అమ్మకానికి ఉన్న అమ్మాయి ఆమె. బేకర్ ఆమెని అక్కణ్ణుంచి తప్పించాడు. ఇద్దరూ కలిసి నైలు పుట్టుక వెతుక్కుంటూ వెళ్ళి 1864 మార్చి 14న ఆల్బర్ట్ సరస్సు చేరారు. అక్కణ్ణుంచి మాను తొలిచిన పడవల మీద, ఇద్దరికీ జ్వరాలు కాస్తూ ఉండగా, తరవాత మర్చిసన్ జలపాతమని పేరు పెట్టిన చోటికి వెళ్ళారు. ఆ దగ్గర ఒకే ఇసుక తిన్నె మీద 27 పెద్ద మొసళ్ళని బేకర్ లెక్కపెట్టాడు. సరిగ్గా అక్కడే ఒక నీటిగుర్రం అడుగునుంచి వచ్చి పడవని ఎత్తేసింది. బోర్లా పడితే ఏమయ్యేదో ఆలోచించండి. అంత సాహసం చేసి వచ్చిన ఆమెని, పెళ్ళికి ముందే ఆయనతో తిరిగిందన్న కారణంగా, విక్టోరియా రాణి తన సముఖానికి రానివ్వలేదు. మొసళ్ళు ఒక్క నీళ్ళలోనే ఉండవు మరి.

పడమటి ఆఫ్రికాలో మేరీ కింగ్‌స్లీ ఉంది. ముప్ఫై ఏళ్ళ వయసుదాకా జబ్బుపడ్డ తల్లికి సేవలు చేస్తూ ఇంటిపట్టున ఉన్న మనిషి. 1892లో తల్లీ తండ్రీ కొద్దివారాల తేడాలో పోతే, మరుసటి ఏడే ఆఫ్రికా ఓడెక్కింది. మడ అడవుల నీటిపాయలో ఒంటరిగా చిన్న పడవలో ఉండగా ఎనిమిది అడుగుల మొసలి ఒకటి ముందు కాళ్ళు రెండూ పడవ మీద వేసింది. ఆవిడ కంగారు పడలేదు. పడవ ఒరిగిపోకుండా ముందువైపుకి జరిగి, తెడ్డుతో దాని మూతి మీద ఒక్కటిచ్చింది. అది జారుకుంది. మనింట్లో పిల్లి పాలగిన్నె మీదికొస్తే అట్లకాడ చూపించినంత మామూలుగా రాసుకుంది ఆ సంగతి 1897లో అచ్చయిన పుస్తకంలో. బోయర్ యుద్ధంలో ఖైదీలకి నర్సుగా పనిచేస్తూ 1900లో జ్వరంతో పోయింది. అన్ని నదులు దాటినా చివరికి రోగుల సేవలోనే ప్రాణం వదిలింది.

వీళ్ళందరి కథలూ సంబరంగా చదువుతూ ఉన్నదాన్ని ఒకచోట ఆగిపోయాను. బేకర్ మళ్ళీ 1869 నుంచి 1873 దాకా ఎగువ నైలు మీద సైన్యంతో తిరిగాడు. అప్పుడొక పెద్ద మొసలిని చంపారు. సుమారు 12 అడుగులుంటుంది. పొట్ట కోసి చూస్తే గులకరాళ్ళు. ఆ రాళ్ళ మధ్య ఒక మెడగొలుసు, రెండు దండకడియాలు. అక్కడి ఆడపిల్లలు పెట్టుకునే రకం. అంతే. బేకర్ ఒకటి రెండు వాక్యాల్లో తేల్చేసి ముందుకి వెళ్ళిపోయాడు.

ఆ పిల్ల పేరేమిటి? నీళ్ళకి వచ్చిందా, స్నానానికి వచ్చిందా? సాయంత్రం ఇంటికి రాకపోతే వాళ్ళమ్మ రేవు గట్టున నిలబడి ఎంతసేపు పిలిచిందో? ఆ గొలుసు మెడలో వేసినప్పుడు తల్లి ఎంత మురిసిపోయిందో? పుస్తకంలో బేకర్ గారి తుపాకుల వివరాలున్నాయి, పడవల వివరాలున్నాయి. ఆ పిల్ల గురించి ఉన్నవి మాత్రం ఆ నగలే. నేను వెతుకుతున్న ఇల్లాలు నాకు దొరికింది గాని, దొరకవలసిన తీరు అది కాదు.

మొసలి మీద కోపం వస్తుంది కదూ? కాని దాని సంసారం కూడా కాస్త వినండి. ఆడ మొసలి ఒడ్డున గొయ్యి తవ్వి యాభై దాకా గుడ్లు పెడుతుంది. సుమారు మూడు నెలలు ఆ చోటు వదలకుండా కాపలా కాస్తుంది. గుడ్లలోంచి పిల్లలు కూత పెట్టగానే మట్టి తవ్వి, ఏ దవడలైతే దున్నపోతు ఎముక విరుస్తాయో ఆ దవడల మధ్యనే పిల్లల్ని పెట్టుకుని మెల్లిగా నీళ్ళలోకి చేరుస్తుంది. పూర్వం చూసినవాళ్ళు సొంత పిల్లల్నే తింటోందని అపోహపడ్డారు. అదీ ఓ తల్లే. దాని ఆకలి దానిది.

మనుషులు చివరికి మంత్రాలు మాని తుపాకులు పట్టారు. ఆవిరి పడవలు వచ్చాయి. 19వ శతాబ్దంలోనే దిగువ నైలులో మొసళ్ళు అరుదైపోయాయి. 1902లో ఆస్వాన్ దగ్గర ఆనకట్ట, 1970లో దాని పైన పెద్ద ఆనకట్ట పూర్తయ్యాక దిగువకి దాదాపు రాకుండా పోయాయి. ఇవాళ లక్సార్ నుంచి ఆస్వాన్‌కి పడవలో వెళ్ళే యాత్రికుడు నదిలో మొసలిని చూడడు, గుడి గోడల మీద చూస్తాడు. మొసళ్ళు మాత్రం ఆనకట్ట వెనక నాసర్ సరస్సులో హాయిగా ఉన్నాయి. ఆ సరస్సు నిండినప్పుడు సుమారు లక్షమంది నూబియన్లు తాతల నాటి ఊళ్ళు వదిలి పోవలసి వచ్చింది. మనుషులు వెళ్ళారు, మొసళ్ళు ఉన్నాయి. ఆస్వాన్ దగ్గరి నూబియన్ ఇళ్ళలో దిష్టి తగలకుండా గుమ్మం మీద ఎండిన మొసలిని కట్టడం ఇప్పటికీ కనిపిస్తుంది. మనం గుమ్మడికాయ కట్టుకున్నట్టు.

ఎగువన మాత్రం ఇంకో కథ నడిచింది. షోకైన చేతిసంచులకీ చెప్పులకీ తోలు కావాలని 20వ శతాబ్దంలో లెక్కలేనన్ని మొసళ్ళని చంపారు. 1973లో అడవిజంతువుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం కుదిరి 1975 నుంచి అమలులోకి వచ్చాక మొసళ్ళు మళ్ళీ తేరుకున్నాయి. ఉగాండాలో మర్చిసన్ జలపాతం 1952 నుంచి జాతీయ వనం. బేకర్ దంపతులు ప్రాణాలు అరచేత పట్టుకుని వెళ్ళిన దారిలో ఇప్పుడు యాత్రికులు లాంచీలో కూచుని ఫొటోలు తీసుకుంటూ వెళతారు. చేతులు నీళ్ళలో పెట్టొద్దు, గట్టు అంచున నిలబడొద్దు, చీకటి పడ్డాక నీటి దగ్గరికి వెళ్ళొద్దు అని ముందే చెబుతారు. ఆ మాట వింటే యాత్రికుడికి భయం లేదు.

ప్రమాదం ఇప్పటికీ ఎవరికంటే, ఆ మాట వినడానికి వీల్లేనివాళ్ళకి. నీళ్ళకి, ఉతుక్కోడానికి, స్నానానికి, చేపలకి నదిలోకి దిగక తప్పనివాళ్ళకి. ఆఫ్రికాలో మొసలి బారిన పడేవాళ్ళలో ఎక్కువమంది వీళ్ళే. వీళ్ళకోసం చేసే ఏర్పాట్లు చూస్తే ఎంత చిన్నవో అనిపిస్తుంది. రేవులో గుంజలు దగ్గరదగ్గరగా పాతి దడి కట్టడం. ఎత్తైన గట్టు మీద నిలబడి పొడుగు కర్రకో తాడుకో కట్టిన పాత్రతో నీళ్ళు తోడుకోవడం. ఒకే చోటికి రోజూ వెళ్ళకుండా ఉండటం. అన్నిటినీ మించింది ఊళ్ళో ఒక చేతిపంపు. బోరింగు గొట్టం దిగిన ఊళ్ళో ఆడపిల్ల పొద్దున్నే రేవుకి పోనక్కర్లేదు. మొసలి దాని నీళ్ళలో అది ఉంటుంది, పిల్ల ఇంటి దగ్గర ఉంటుంది. ఇద్దరికీ తగువు లేదు.

రాజులు, పూజారులు, సేనాపతులు, దొరలు ఇంతమంది నడిచిన నైలు చరిత్రలో చేతిపంపుని ఎవరూ ఘనకార్యంగా రాయరు. మనింట్లో కొళాయి తిప్పి చెంబు నింపుకునేటప్పుడు మనకీ అందులో విశేషం కనిపించదు. ఆ మెడగొలుసు గురించి చదివాక మాత్రం, మర్చిసన్ దగ్గర 27 మొసళ్ళని లెక్కపెట్టిన పుస్తకంకన్నా, ఆ ఒడ్డు ఊళ్ళలో ఎన్ని పంపులు పడ్డాయో లెక్క చెప్పే పుస్తకం దొరికితే బాగుండుననిపించింది నాకు.